సీసం పని మానేసి నాలుగేళ్లైంది, రక్తంలో ఇంకా 14 ఎందుకుంది?

పాతప్లేటు
బ్యాటరీ ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లు చేశాను. మొదటి మూడేళ్లు గ్రిడ్ కాస్టింగ్ (సీసం కరిగించి ప్లేట్ల చట్రాలు పోయడం), తర్వాత పేస్టింగ్ (వాటికి సీసం ముద్ద పట్టించడం). మానేసి నాలుగేళ్లు దాటింది. ఇప్పుడు గోడౌన్‌లో స్టాకు లెక్కలు రాసే పని. వయసు 41.

ఏడాదిగా బీపీ 150/95 దగ్గర తిరుగుతోంది. రెండు మాత్రలు పడితే గానీ దిగట్లేదు. పోయిన నెల కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ కాస్త ఎక్కువగా 1.4 వచ్చింది. కొత్త డాక్టరమ్మ రిపోర్టులన్నీ తిరగేసి, పెన్ను పక్కన పెట్టి, "ఇంతకుముందు ఏం పని చేసేవారు?" అని అడిగింది. ఇన్నేళ్లలో ఆ మాట అడిగిన డాక్టరు ఆవిడొక్కతే. రక్తంలో సీసం ఎంతుందో చూసే బ్లడ్ లెడ్ టెస్టు రాసింది. 14 వచ్చింది.

ఫ్యాక్టరీలో ఆరు నెలలకోసారి రక్తం తీసేవాళ్లు. నాకెప్పుడూ 35కీ 45కీ మధ్యే. "40 దాటితే నెల రోజులు ప్యాకింగ్‌లో వేస్తాం" అనేవాళ్లు. నెల ప్యాకింగ్‌లో కూర్చుంటే 34కి దిగేది, మళ్లీ పాత మెషీన్ మీదికే. అలా నాలుగుసార్లు తిరిగాను.

నాలుగేళ్లుగా సీసం ముట్టుకోలేదు. మరి ఈ 14 ఎక్కణ్నుంచి వచ్చింది? బీపీకీ కిడ్నీకీ దీంతో సంబంధం ఉందా, నేనే ఊరికే టెన్షన్ పడుతున్నానా?

ఊరికేచదివేవాణ్ణి
45 నుంచి 14కి దిగిందంటే మంచిదే కదా అన్నా. పార్టీ ఎప్పుడు?

మూడోషిఫ్ట్
పార్టీ సంగతి తర్వాత. 41 ఏళ్లు, కూర్చునే పని, బీపీ. ఇందులోకి సీసాన్ని లాగడం దేనికి? నేను 22 ఏళ్లుగా అదే లైన్లో ఉన్నా. నా బీపీ 120/80. పని మానేశాక ప్రతి రోగాన్నీ పాత ఫ్యాక్టరీ ఖాతాలో రాసేయడం ఈమధ్య అందరికీ అలవాటైపోయింది.

ఫ్యాక్టరీనర్సు
పదహారేళ్లుగా కార్ఖానా క్లినిక్కుల్లో పని చేస్తున్నాను, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నా.

రక్తంలో సీసం సగానికి తగ్గడానికి దాదాపు నెల రోజులు చాలు. కానీ సీసం రక్తంలో ఉండిపోయే సరుకు కాదు. ఒంటికి అది క్యాల్షియంలాగే కనిపిస్తుంది, అందుకని తీసుకెళ్లి ఎముకలో పెట్టుకుంటుంది. పెద్దవాళ్ల ఒంట్లో ఉన్న సీసంలో 90 శాతానికి పైగా ఎముకల్లోనే ఉంటుంది. అక్కడ సగం తగ్గాలంటే పదేళ్ల నుంచి ముప్పై ఏళ్లు పడుతుంది.

రక్తం జేబు అనుకోండి, ఎముక ఫిక్స్‌డ్ డిపాజిట్. మిమ్మల్ని అప్పుడప్పుడు నెల రోజులు ప్యాకింగ్‌లో కూర్చోబెట్టి జేబు ఖాళీ చేశారు, డిపాజిట్ జోలికి ఎవరూ పోలేదు. ఇప్పుడు దాని వడ్డీ జేబులో పడుతోంది. నా లెక్కలో ఆ వడ్డీయే ఈ 14.

పాతప్లేటు
అంటే 34కి దిగింది అని వాళ్లు సంతోషపడిన ప్రతిసారీ...

ఫ్యాక్టరీనర్సు
అవును. కొంత మూత్రంలో, మలంలో బయటికి పోయింది, మిగతాది లోపలికి సర్దుకుంది.

మూడోషిఫ్ట్
కథ బాగుంది మేడమ్. ఎముకలో ఉంటే ఉండనివ్వండి, అక్కడ అది ఏం చేస్తుంది? రాయిలా పడుంటుంది. బీపీ ఎలా పెంచుతుంది?

ల్యాబ్‌కోటు
పడుండదు బ్రదర్. ఎముక గోడ కాదు, రోజూ కొంచెం కరుగుతూ కొంచెం కట్టుకుంటూ ఉంటుంది. కరిగినప్పుడల్లా కొంత సీసం రక్తంలోకి వస్తుంది, అక్కణ్నుంచి కిడ్నీకీ, రక్తనాళాలకీ, మెదడుకీ.

బీపీ మాటకొస్తే, అమెరికాలో మాజీ సైనికుల మీద 1960లలో మొదలై దశాబ్దాలు నడిచిన నార్మేటివ్ ఏజింగ్ స్టడీ అని ఒకటుంది. అందులో ఎముకలోని సీసాన్ని ఎక్స్‌రే లాంటి యంత్రంతో కొలిచారు. ఎముకలో ఎక్కువున్న వాళ్లలో బీపీ ఎక్కువగా కనిపించింది. విషపదార్థాల మీద పరిశోధన చేసే అక్కడి ప్రభుత్వ సంస్థ నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 2012లో ఉన్న పరిశోధనలన్నీ దగ్గర పెట్టుకుని చూసి, రక్తంలో 10 కంటే తక్కువున్నా బీపీ పెరగడానికీ, 5 కంటే తక్కువున్నా కిడ్నీ వడపోత తగ్గడానికీ సంబంధం ఉందని తేల్చింది. మీరేమో 40 దాకా ఓకే అంటున్నారు.

మూడోషిఫ్ట్
నేను అనలేదు, రూలు అంది.

ల్యాబ్‌కోటు
ఏ రూలు, ఎప్పటి రూలు? అమెరికాలో పనిచేసే చోట భద్రత చూసే సంస్థ ఓషా, దాని రూలు 1978 నాటిది. ఒక్క టెస్టులో 60 వస్తే పనిలోంచి తప్పించాలి, వరసగా రెండుసార్లు 40 లోపు వస్తే తిరిగి పంపొచ్చు. ఈ 40 అనే అంకె పుట్టిన కాలం అది. ఇప్పుడు కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి 30 వస్తే చాలు, తప్పించాలి, గాలిలో పరిమితి ఘనపు మీటరుకి 50 మైక్రోగ్రాముల నుంచి 10కి దించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఏమందంటే, 5 వస్తే చాలు, సీసం ఎక్కణ్నుంచి వస్తోందో వెతికి ఆపండి అని.

ఊరికేచదివేవాణ్ణి
60, 40, 30, 5. వేలంపాట తిరగేసి పాడినట్టుంది.

గీతలచొక్కా
నా కథ చెప్తా, మూడోషిఫ్ట్ అన్న కోసం. రేడియేటర్లు రిపేరు చేసేవాణ్ణి. పాత ఇత్తడి రేడియేటర్లు, టార్చితో వేడి చేసి టంకం కరిగించి అతుకులు విప్పడం, మళ్లీ పెట్టడం. ఎనిమిదేళ్లు. షట్టర్ సగం దించుకుని పని, ఎందుకంటే గాలి కొడితే మంట నిలవదు.

ఒక రాత్రి కడుపు నొప్పి. అలా ఇలా కాదు, మోకాళ్లు గుండెకి ఆనించుకుని పడుకున్నా. అపెండిక్స్ అన్నారు, కోద్దామన్నారు, స్కానింగ్‌లో అపెండిక్స్ బాగానే ఉంది. పంపేశారు. నెలకి మళ్లీ. ఈసారి ఎండోస్కోపీ. ఏమీ లేదు. "టెన్షన్ ఎక్కువైంది, నిద్ర మాత్ర వాడు" అన్నారు. మా ఆవిడ కూడా నమ్మేసింది నేను పని ఎగ్గొట్టడానికి నాటకం ఆడుతున్నానని. నాలుగు రోజులకోసారి విరేచనం, కోపం ముక్కు మీద, హిమోగ్లోబిన్ 8.

మూడోసారి ఎక్కడో ల్యాబులో రక్తం చుక్క మైక్రోస్కోప్ కింద పెట్టిన కుర్రాడు ఎర్ర కణాల్లో నీలం చుక్కలు చూసి, కింద చేత్తో రాశాడు, "లెడ్ చూడండి" అని. చూస్తే 72.

ల్యాబ్‌కోటు
మా జాతికి ఒక దండం పెట్టుకోండి. ఆ చుక్కలు అందరిలోనూ కనబడవు, సీసం ఉన్నా కనబడకపోవచ్చు. ఆ కుర్రాడు మెషీన్ కాగితం మీద సంతకం పెట్టి వదిలేయకుండా స్లయిడ్ చూశాడు, అదీ సంగతి.

మూడోషిఫ్ట్
72కి రోగం వస్తుంది, కాదనలేదు. పాతప్లేటు అన్నకి 14.

సముద్రంఅవతల
మధ్యలో దూరుతున్నా. నేనుండే చోట రిపోర్టులో 1.2 వచ్చింది. పాత వంతెనల మీద పెయింటు గీకే పని. ఇక్కడ అందరూ 14, 40, 72 అంటున్నారు, నాది ఒకటి చిల్లర. నేను సేఫే కదా?

ల్యాబ్‌కోటు
అంకె పక్కన ఏం రాసుందో చూడండి.

సముద్రంఅవతల
మైక్రోమోల్ పర్ లీటర్.

ల్యాబ్‌కోటు
20.7తో గుణించండి.

సముద్రంఅవతల
24.8. అయ్యబాబోయ్.

ల్యాబ్‌కోటు
మనం ఇక్కడ మాట్లాడేదంతా డెసిలీటరుకి మైక్రోగ్రాములు. కొన్ని దేశాల్లో మోల్స్‌లో ఇస్తారు. యూనిట్ చూడకుండా సంతోషించిన వాళ్లలో మీరు మొదటివాళ్లు కాదు.

పాతింటిపెయింటర్
వంతెన అన్న, టార్చితో కోస్తున్నారా, గీకుతున్నారా? పెయింటు ఉన్న ఇనుము మీద గ్యాస్ కటింగ్ పెడితే పెయింటులో సీసం అంతా పొగై నేరుగా ముక్కులోకే. ముందు ఆ గీత వెంబడి పెయింటు తీసేసి కోయాలి. మాకు ఇళ్లలో హీట్ గన్‌కి కూడా పరిమితి ఉంది, 590 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకూడదు.

నేను నేర్చుకున్నది మాత్రం వేరే రకంగా. నాది 19 వచ్చింది, పట్టించుకోలేదు. ఆర్నెల్ల తర్వాత మా రెండేళ్ల పాపకి 16. పాప నా పని దగ్గరికి ఎప్పుడూ రాలేదు. నేను సాయంత్రం ఇంటికెళ్లి బూట్లు గుమ్మంలో విప్పి, అదే ప్యాంటుతో చాప మీద కూర్చుని దాన్ని ఒళ్లో వేసుకునేవాణ్ణి. అది నా మోకాలు నోట్లో పెట్టుకునేది, పళ్లొచ్చే వయసు. నా మోకాలి దగ్గర ఆ గుడ్డ ఎప్పుడూ తడిగా ఉండేది. ఇప్పటికీ ఆ తడి గుర్తొస్తే నిద్ర పట్టదు.

ఫ్యాక్టరీనర్సు
మింగిన సీసంలో పెద్దవాళ్ల ఒంటికి పట్టేది పదో వంతు లెక్క. పసిపిల్లలకి సగం దాకా పడుతుంది. వాళ్లకి ఇంత వరకు పర్లేదు అనే అంకె లేనే లేదు. పని బట్టలు పని దగ్గరే విప్పాలి, తల స్నానం అక్కడే చేయాలి, ఇంటి బట్టలతో కలిపి ఉతక్కూడదు. పాప ఇప్పుడెలా ఉంది?

పాతింటిపెయింటర్
4కి దిగింది అక్కా. ఐరన్ తక్కువుందని సిరప్ ఇచ్చారు. ఐరన్ తక్కువుంటే సీసం ఎక్కువ పడుతుందట కదా.

ఫ్యాక్టరీనర్సు
అవును, ఐరన్ తక్కువున్నా క్యాల్షియం తక్కువున్నా. ఖాళీ కడుపున కూడా ఎక్కువే పడుతుంది.

ప్రకృతిబిడ్డ
ఇంత గోల అవసరం లేదు. సీసాన్ని లాగేసే డీటాక్స్ పొడులు ఉన్నాయి, రాత్రి పాదాలకి పట్టీలు అంటించుకుంటే తెల్లారేసరికి నల్లగా అవుతాయి. అదంతా లోపలి విషమే. నేను స్వయంగా చూశాను.

ఊరికేచదివేవాణ్ణి
ఆ పట్టీ మీద నీళ్లు చల్లి చూడండి. పాదం లేకుండానే నల్లబడుతుంది. విషం కుళాయిలో ఉందంటారా?

గురిచూడు
మాది ఫ్యాక్టరీ కాదు గానీ షూటింగ్ రేంజ్‌లో ట్రైనర్‌ని. ఎవరూ అనుకోరు, తూటాతో పాటు, దాన్ని పేల్చడానికి వెనక పెట్టే ప్రైమర్‌లో కూడా సీసం ఉంటుంది. నాకు 31. మాకు అందరూ గ్లాసు పాలు తాగండి, సీసం కడుక్కుపోతుంది అంటారు. పని చేస్తుందా?

ఫ్యాక్టరీనర్సు
పాలలో క్యాల్షియం ఉంది కాబట్టి కాస్త మంచిదే, అంతే. పీల్చింది పాలతో కడుక్కుపోదు. దేశదేశాల్లో వర్క్‌షాపుల్లో ఇదే నమ్మకం, పాల గ్లాసు పట్టుకుని నల్ల వేళ్లతో తాగుతారు. ఆ వేళ్లు ముందు కడగాలి. రేంజ్‌లో ఊడ్చేది ఎవరు? చీపురా, వాక్యూమా?

గురిచూడు
చీపురు. ఊడ్చేది నేనే.

ఫ్యాక్టరీనర్సు
దొరికింది మీ 31. చీపురు పెడితే కింద పడ్డ దుమ్మును లేపి మీ ముక్కు ఎత్తుకి తెచ్చినట్టు. తడిగుడ్డతో గానీ, సన్న దుమ్మును కూడా పట్టే హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్‌తో గానీ తీయాలి.

వెన్నెలకిటికీ
నాది వేరే సందేహం. సర్క్యూట్ బోర్డులు రిపేరు చేస్తాను, ఆరేళ్లుగా. సీసం కలిసిన టంకమే. రిపోర్టు 8. పెళ్లై రెండేళ్లు, ఇప్పుడు పిల్లల గురించి అనుకుంటున్నాం. పైకి లేచే ఆ పొగ పీలుస్తూనే ఉన్నాను ఇన్నాళ్లూ. మా ఆయన మానేయమంటున్నారు.

టంకంటీచర్
ఆ పొగలో సీసం లేదమ్మా, దాదాపుగా. సీసం 327 డిగ్రీలకి కరుగుతుంది గానీ, పొగగా లేవాలంటే 500 డిగ్రీల పైమాట. మీ టంకం ఐరన్ కొన 350 దగ్గర ఉంటుంది. మీకు కనిపించేది టంకం అతుక్కోవడానికి వాడే ఫ్లక్స్ పొగ, రోజిన్ అనే చెట్టు బంకది. అది ఆస్తమా తెస్తుంది, కాబట్టి ఫ్యాన్ పెట్టుకోవాల్సిందే, కానీ సీసం విషయంలో అసలు దొంగ మీ చెయ్యి. తీగని వేళ్లతో పట్టుకుంటారు, కొందరు పళ్ల మధ్య కూడా పట్టుకుంటారు (నేనూ పట్టుకున్నా, చిన్నప్పుడు). అవే వేళ్లతో బిస్కెట్. తెల్ల కప్పు పిడి మీద బూడిద రంగు వేలిముద్ర ఎప్పుడైనా చూశారా?

వెన్నెలకిటికీ
ఇప్పుడే వెళ్లి చూశాను. ఉంది.

ఫ్యాక్టరీనర్సు
అమ్మా, భయపెట్టడానికి కాదు గానీ తెలిసి ఉండాలి. గర్భంలో బిడ్డ ఎముకలు కట్టుకోవడానికి తల్లి ఎముకలోంచి క్యాల్షియం కదులుతుంది, దాంతో పాటే పాత సీసం కూడా. మాయ దాన్ని ఆపదు. పాలిచ్చేటప్పుడూ అంతే. అందుకే గర్భిణులకి 5 దాటితే చాలు, వెంటపడి చూస్తారు. మీది 8 కాబట్టి అందుకునే దూరమే. ముందు చేతులు, కప్పు, బల్ల సంగతి సరిచేసుకోండి, వీలైతే సీసం లేని టంకానికి మారండి, క్యాల్షియం, ఐరన్ చూపించుకోండి, రెండు నెలలకి మళ్లీ టెస్టు. దిగాక అనుకోండి. మీ ఆయన్ని కూడా అడగండి ఆయన పనేంటో. మగవాళ్లలో వీర్యకణాలు తగ్గడానికి సీసం ఒక కారణం, ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

వెన్నెలకిటికీ
ఆయన బ్యాంకులో. నవ్వుతున్నారు పక్కన కూర్చుని.

పాతప్లేటు
నా దారం ఎటో వెళ్లింది గానీ చదువుతున్నా అన్నీ. ఒకటి అడగాలి. కీలేషన్ అని సెలైన్‌లో మందు ఎక్కిస్తే ఎముకలోది కూడా లాగేస్తుందంటున్నారు. పది సిట్టింగుల ప్యాకేజీ చెప్పాడు ఒకతను. మందు పేరు ఈడీటీఏ.

ఫ్యాక్టరీనర్సు
వద్దు. 14కి ఎవరూ కీలేషన్ చేయరు. లక్షణాలు ఉండి 50 దాటినప్పుడు ఆలోచిస్తారు, 100 దాటితే ఇక ఆలోచన ఉండదు, ఆసుపత్రిలో పెట్టి ఇస్తారు. అది రక్తంలోదీ మెత్తటి అవయవాల్లోదీ లాగుతుంది. ఎముకలోది పెద్దగా కదలదు. లాగి ఆపాక ఎముక మళ్లీ రక్తంలోకి వదులుతుంది, అంకె మళ్లీ లేస్తుంది. పైగా మీకు కిడ్నీ ఇప్పటికే కొంచెం బలహీనంగా ఉంది.

ల్యాబ్‌కోటు
ఇంకో మాట, ప్రాణం మీదికొచ్చే మాట. ఈడీటీఏ రెండు రకాలు. ఒకటి క్యాల్షియం డైసోడియం, ఇంకోటి ఉత్త డైసోడియం. రెండోది రక్తంలో క్యాల్షియాన్ని లాగి గుండెని ఆపేయగలదు. 2000ల మధ్యలో అమెరికాలో ఇలా పిల్లలు చనిపోయారు. పేరులో ఒక్క పదం తేడా. ప్యాకేజీ చెప్పిన మనిషిని ఏ రకం అని అడిగి చూడండి, ముఖం చూస్తే తెలిసిపోతుంది. ముందు మందు ఇచ్చి తర్వాత మూత్రంలో సీసం కొలిచి "చూడండి ఎంతుందో" అని భయపెట్టే టెస్టు కూడా లెక్కలోకి రాదు.

ప్రకృతిబిడ్డ
అందుకే పాదాల పట్టీలు అన్నాను, ప్రమాదం ఉండదు.

ఊరికేచదివేవాణ్ణి
ఈ ఒక్క మాటకి మాత్రం ఓటేస్తున్నా.

రిటైరైనసూది
నాది చిన్న అనుభవం. రంగుల ఫ్యాక్టరీలో చేసి 14 ఏళ్ల క్రితం రిటైరయ్యాను. ఏటా 6 దగ్గర ఉండేది. పోయినేడు థైరాయిడ్ ఎక్కువైంది, బరువు తగ్గాను, గుండె దడ. అనుకోకుండా లెడ్ చేస్తే 17. డాక్టరు చెప్పింది, థైరాయిడ్ ఎక్కువైతే ఎముక వేగంగా కరుగుతుందని. థైరాయిడ్‌కి మందు వేశాక మళ్లీ 8. కాబట్టి నర్సమ్మ డిపాజిట్ మాట నిజం. పద్నాలుగేళ్ల తర్వాత విత్‌డ్రా చేశాను, నాకు తెలియకుండానే.

ఫ్యాక్టరీనర్సు
ఆడవాళ్లలో నెలసరి ఆగాక కూడా ఇదే జరుగుతుంది. చాలా రోజులు మంచాన పడ్డా అంతే. ఇలాంటప్పుడు పాత పని సంగతి డాక్టరుకి చెప్పాలి.

మూడోషిఫ్ట్
సరే, ఒప్పుకుంటా, ఎముకలో ఉంటుంది. కానీ నాలుగేళ్ల తర్వాత 14 అంటే నాకు ఎక్కువనిపిస్తోంది. మాతో పనిచేసి మానేసినవాళ్లకి 7, 8 చూశాను. అన్నా, నిజం చెప్పు. ఇంట్లో బ్యాటరీలు విప్పుతున్నావా?

పాతప్లేటు
లేదు.

ల్యాబ్‌కోటు
మూడోషిఫ్ట్ అడిగింది మంచి ప్రశ్న. బ్యాటరీలు అక్కర్లేదు. హాబీలు? టంకం, పాత పెయింటు, తుపాకి, రంగు గాజు పని, ఏదైనా కరిగించడం?

పాతప్లేటు
...బామ్మర్దికి చేపలు పట్టే పిచ్చి. గాలానికి కట్టే సీసం గుండ్లు పోసిస్తుంటాను. నెలకోసారి. పెరట్లో, పాత మూకుడులో, గ్యాస్ పొయ్యి మీద. అది పని కాదు కదా, అందుకే రాయలేదు.

ఊరికేచదివేవాణ్ణి
"నాలుగేళ్లుగా సీసం ముట్టుకోలేదు."

గీతలచొక్కా
కాస్టింగ్ మానేసి కాస్టింగ్ చేస్తున్నాడు, జీతం లేకుండా.

మూడోషిఫ్ట్
😂 బామ్మర్ది ఎముకల్లో చేపలు, బావ ఎముకల్లో గుండ్లు.

ఫ్యాక్టరీనర్సు
నేను తొందరపడి మొత్తం డిపాజిట్ మీదికి తోసేశాను, ముందు అడగాల్సింది. మూకుడు పైన తేలే మడ్డి ఎలా తీస్తారు?

పాతప్లేటు
గరిటెతో తీసి పక్కన మట్టిలో కొడతాను. ఎండితే బూడిదలా అవుతుంది. పిల్లలు లేరు మాకు, అక్కడ ఎవరూ ఆడరు.

ఫ్యాక్టరీనర్సు
పొగ కంటే ఆ మడ్డే ఎక్కువ. అది సీసం ఆక్సైడ్, పొడి. గరిటె కొట్టిన ప్రతిసారీ మీ ముఖం ముందు లేస్తుంది. మాస్క్ ఏది?

పాతప్లేటు
తువ్వాలు చుట్టుకుంటా.

మూడోషిఫ్ట్
తొమ్మిదేళ్లు ఫ్యాక్టరీలో చేసి తువ్వాలా అన్నా! మా సూపర్‌వైజర్ మాస్కు గడ్డం కింద పెట్టుకుని "మాస్కులు పెట్టుకోండ్రా" అని అరిచేవాడు, అతనే నయం, కనీసం మాస్కు ఉంది.

ల్యాబ్‌కోటు
అన్నట్టు మీకు గడ్డం ఉందా మూడోషిఫ్ట్?

మూడోషిఫ్ట్
ఉంది. ఏం?

ల్యాబ్‌కోటు
రబ్బరు మాస్కు ముఖానికి అతుక్కుంటేనే పని చేస్తుంది. గడ్డం మీద పెడితే పక్కల నుంచి గాలి దూరుతుంది. చివరి టెస్టు ఎప్పుడు చేయించారు?

మూడోషిఫ్ట్
మావాళ్లు చేయిస్తారు. బాగానే ఉంది అంటారు.

ల్యాబ్‌కోటు
అంకె?

మూడోషిఫ్ట్
కాగితం మా చేతికివ్వరు.

చరిత్రపుస్తకం
1700లోనే రామజ్జినీ అనే ఇటలీ వైద్యుడు కుండలకి సీసం మెరుగు పూసేవాళ్ల చేతులు ముందు వణుకుతాయి, తర్వాత పడిపోతాయి అని రాసిపెట్టాడు. రోగిని నీ పనేంటి అని అడగమని వైద్యులకి చెప్పింది కూడా ఆయనే. 1924లో న్యూజెర్సీలో పెట్రోల్‌లో కలిపే సీసం తయారుచేస్తూ ఐదుగురు పిచ్చెత్తినట్టై చనిపోయారు, రోడ్డు బండ్లకి ఆ పెట్రోల్ అమ్మడం ప్రపంచంలో ఆగింది 2021లో, చివరి దేశం అల్జీరియా. పాతప్లేటు గారి డాక్టరమ్మ అడిగిన ప్రశ్న వయసు మూడొందల ఏళ్లు.

పాతప్లేటు
రెండు నెలల తర్వాత వస్తున్నా. మూకుడు, గరిటె, మిగిలిన సీసం డబ్బాలో పెట్టి సీలు వేసి తుక్కు తీసుకునే చోట, ఏముందో చెప్పి ఇచ్చేశాను. ఆ మట్టి పైపొర నీళ్లు చల్లి తీసి సంచిలో కట్టాం. బామ్మర్ది అలిగాడు, ఇనుప గుండ్లు కొనుక్కుంటాడట.

మళ్లీ టెస్టు, 9. నర్సు గారన్నట్టు ఇక ఇది నెమ్మదిగానే దిగుతుందట. క్రియాటినిన్ 1.4 అలాగే ఉంది. కిడ్నీ డాక్టరు బీపీ మాత్ర మార్చారు, నొప్పి మాత్రలు ఇష్టమొచ్చినట్టు మింగొద్దన్నారు, ఆరు నెలలకోసారి రమ్మన్నారు. "సీసం వల్లేనా?" అని అడిగితే, "ఒక్కదాని మీదే వేయలేను, కానీ లెక్కలోంచి తీసేయను కూడా" అన్నారు. ఫైలు మొదటి పేజీలో ఎర్ర పెన్నుతో రాశారు, బ్యాటరీ పని, 9 ఏళ్లు.

వెన్నెలకిటికీ
నాది 8 నుంచి 4.5. కప్పు మార్చాను, బల్ల మీద తినడం మానేశాను, అంతే.

టంకంటీచర్
చెప్పానా, చెయ్యే దొంగ.

గురిచూడు
వాక్యూమ్ కొన్నారు మావాళ్లు. నా జీతంలో కోయలేదు, అదే గొప్ప.

మూడోషిఫ్ట్
బయట ల్యాబులో సొంతంగా చేయించా. 47. బీపీ మాత్రం 120/80యే, అది కూడా రాసుకోండి.

ల్యాబ్‌కోటు
రాసుకున్నాం. క్రియాటినిన్?

మూడోషిఫ్ట్
చేయించలేదు.

పాతప్లేటు
రేపు మనిద్దరం వెళ్దాం. పొద్దున ఏడింటికి. గడ్డం తీసేసి రా, గుర్తు పడతానో లేదో చూద్దాం.

మూడోషిఫ్ట్
గడ్డం తీయడం సగం దాకా వచ్చింది అన్నా, ఆలోచిస్తున్నా. ఏడింటికి ఉంటా.